అది కాదు, నా యేలినవాడా: నోరు పెగలని ఒక నర్సు కేసు

బెంగళూరు తెలుగు సంఘాల్లో నర్సులు ఎక్కువ. నైట్ డ్యూటీ దిగి హాస్టల్‌కి కూడా వెళ్ళకుండా ఆదివారం ఆరాధనకి వస్తారు. వెనక బెంచీలో కూర్చుని ప్రసంగం మధ్యలో కునికిపాట్లు పడే అమ్మాయిల్ని చూస్తే ఏ పని చేస్తారో అడగక్కర్లేదు. ఆసుపత్రిలోనూ సిస్టరే, సంఘంలోనూ సిస్టరే. రెండు చోట్లా వాళ్ళని పిలిచేవాళ్ళు ఎక్కువ, వాళ్ళ మాట వినేవాళ్ళు తక్కువ.

నేను ఒక సంఘం తరఫున 14 ఏళ్ళుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. డాక్టర్ని కాదు, పాస్టర్ని కాదు. భయపడేవాళ్ళకి ధైర్యం వాక్యాలు ఇచ్చి, ప్రార్థన చేసి పంపితే సగం పని అయినట్టేనని చాలాకాలం నమ్మాను. ఈ అమ్మాయి దగ్గర ఆ పద్ధతి బెడిసికొట్టింది. అందుకే రాస్తున్నాను.

ఆమెను ఇక్కడ కరుణ అంటాను. హన్నా అని పెడదామనుకున్నాను గానీ కాసేపట్లో బైబిల్లోని అసలు హన్నాయే వస్తుంది, ఇద్దరూ కలిసిపోతారు. వయసు, ఊరు, నెలలు, వార్డు మార్చాను. ఆమె చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను.

నేపథ్యం

కరుణకి ఇరవై ఏడు. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి, మూడేళ్ళుగా బెంగళూరులో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో పనిచేస్తోంది. నలుగురు కలిసి ఉండే పీజీలో మకాం. జీతంలో సగానికి పైగా ఊళ్ళో ఇంటి అప్పుకి పోతుంది, ఆ లెక్కలన్నీ అన్న చూస్తాడు. సంఘంలో పాటల గుంపులో నిలబడుతుంది కానీ మైకు పట్టుకోదు.

వాళ్ళ కుటుంబం నాలుగైదు తరాలుగా క్రైస్తవ కుటుంబం. ఒంగోలు చుట్టుపక్కల ఎన్నో పల్లెల కథే వాళ్ళదీ. 1876–78 ధాత కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి పని చూపించాడు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. అంతవరకు పై కులాల ముందు గొంతెత్తే వీల్లేని మనుషులు పాట పాడటం, చదవటం, నిలబడి సాక్ష్యం చెప్పటం మొదలుపెట్టారు. ఇది కరుణకి తెలుసు, చిన్నప్పుడు సండే స్కూల్లో చెప్పారట. కానీ ఇంట్లో వినిపించింది వేరే మాట. వాళ్ళ నానమ్మ అనేదట: "నోరు లేస్తే నోటికాడి కూడు పోద్ది."

మొదటి రోజు ఈ మాటని నేను పెద్దగా పట్టించుకోలేదు. నోటు పుస్తకంలో రాసుకుని ముందుకు వెళ్ళిపోయాను. ఆగి ఉండాల్సింది.

ఏం జరిగింది

పాస్టరమ్మగారు తీసుకొచ్చారు. "సరిగ్గా తినడం లేదు, ఉద్యోగం మానేస్తానంటోంది, మీరు మాట్లాడండి" అన్నారు. కరుణ మొదటి అరగంట దుపట్టా అంచు మడతపెడుతూ కూర్చుంది. తరువాత అడిగింది: "ఆంటీ, మాట్లాడకపోవడం పాపమా?"

ఆరు వారాల కింద, సాయంత్రం భోజనాల ముందు ఇన్సులిన్ ఇచ్చే వేళ. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి: ఒక మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉండేవి, 100 యూనిట్లు ఉండేవి. దేని సిరంజి దానికే. 40 బలానికి ఎర్ర మూత సిరంజి, 100 బలానికి నారింజ రంగు మూతది. వార్డు ఫ్రిజ్‌లో ఆసుపత్రి స్టాకు 40ది ఉంది. దాని పక్కనే ఒక పేషెంటు వాళ్ళు బయట కొని తెచ్చిన 100 సీసా ఉంది. సీనియర్ నర్సు హడావుడిలో ఆ 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో పది గీత దాకా లాగింది. పది యూనిట్లు ఇస్తున్నానని ఆమె అనుకుంది. సిరంజిలోకి వచ్చింది 25.

ట్రే పట్టుకుని పక్కనే నిలబడ్డ కరుణకి అది కనపడింది. "కనపడింది ఆంటీ. నోట్లో మాట ఉంది. గొంతులో ఎవరో బెండు బిగించినట్టు అయిపోయింది."

రెండు గంటల తరువాత ఆ పెద్దాయనకి చెమటలు, వణుకు. షుగర్ 46. డెక్స్‌ట్రోజ్ ఎక్కించారు, తేరుకున్నాడు, నాలుగు రోజులకి ఇంటికి వెళ్ళాడు. భోజనం సరిగ్గా చెయ్యకపోవడం వల్లేనని అందరూ అనుకున్నారు. కాదని తెలిసింది ఒక్క కరుణకే.

అప్పటినుంచి నిద్ర లేదు. డ్యూటీకి బయలుదేరుతుంటే గొంతు బిగుసుకుంటుంది, గుండె దడ. "చేతులతో చేసిన తప్పైతే చేతులు కడుక్కుంటా. ఇది నోటితో చేసింది" అంది.

మొదటి నిర్ణయాలు

ఇలాంటి కేసులో నేను ముందు వాక్యం తెరవను. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని కొందరు సేవకులు భయపడతారు. పుట్టదు, అడిగితే మనిషికి ఊపిరి అందుతుంది. "లేదు, పారిపోవాలనిపిస్తోంది" అంది. గొంతు బిగింపుకి, నిద్రకి ఒక డాక్టర్ని కలవమన్నాను. థైరాయిడ్ పరీక్షా అవీ చేశారు, ఏమీ లేదు. నెలలో నిద్ర కుదుటపడకపోతే హోసూరు రోడ్డులో మానసిక వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రికి వెళ్దామని ముందే ఒప్పందం చేసుకున్నాం. రాత్రిపూట మరీ కష్టమైతే చెయ్యమని మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఫోన్లో దాచుకోమన్నాను.

అసలు చిక్కు తరువాత వచ్చింది. ఆ రెండు సీసాలు ఇంకా అదే ఫ్రిజ్‌లో, అదే ట్రేలో ఉన్నాయని మాటల మధ్యలో చెప్పింది. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. నేనే ఆసుపత్రికి ఫోన్ చేస్తే? ఆమె నన్ను నమ్మి చెప్పిన మాట బజారున పడుతుంది, ఉద్యోగం పోవచ్చు. మళ్ళీ జన్మలో ఎవరి దగ్గరా నోరు విప్పదు. చెయ్యకపోతే? రేపు ఇంకో పేషెంటు. ఆమె ధైర్యం తెచ్చుకునే దాకా ఆ ఫ్రిజ్ ఆగుతుందా?

మర్నాడే పిలిచి అడిగాను: "నోరు పెగలకపోతే పోనీ. చేతులున్నాయి కదా, మాట్లాడకుండా ఏం చెయ్యగలవు?" ఆమె కాసేపు ఆలోచించింది. ఆ వారంలోనే తెల్ల టేపు మీద మార్కర్‌తో పెద్ద అంకెలు రాసి, 40 సీసాలు ఒక డబ్బాలో, 100వి ఇంకో డబ్బాలో పెట్టి, ఏ డబ్బాలో ఆ సిరంజిలే వేసింది. ఎవరూ అడగలేదు. ఎవరు చేశారో కూడా గమనించలేదు.

ఈ కేసులో నేను తీసుకున్న నిర్ణయాల్లో మళ్ళీ అవసరమైతే మార్చకుండా చేసేది ఇదొక్కటే. ప్రమాదం పొంచి ఉన్నప్పుడు మనిషి మారేదాకా ఆగకూడదు, ముందు ప్రమాదాన్ని పక్కకి జరపాలి.

మొదటి పొరపాటు: వాక్యాల కార్డు

తరువాత అలవాటు ప్రకారం కార్డు మీద వాక్యాలు రాసిచ్చాను. యెహోషువకి చెప్పిన ధైర్యం మాట, పిరికితనం గల ఆత్మను దేవుడు మనకియ్యలేదని పౌలు తిమోతికి రాసిన మాట. రోజూ మూడుసార్లు చదవమన్నాను, మందు చీటీలాగా.

రెండు వారాలకి ఇంకా ముడుచుకుపోయి వచ్చింది. కారణం అడిగితే చెప్పింది: "ముందు ఒక్క తప్పే ఉండేది ఆంటీ, మాట్లాడలేదని. ఇప్పుడు రెండు. దేవుడు భయపడొద్దంటే భయపడుతున్నా కదా. నాకున్నది దేవుడిచ్చిన ఆత్మ కాదేమో."

నేను కార్డు ఇచ్చింది ఊరటకి. ఆమె దాన్ని ఛార్జిషీటులా చదువుకుంది. అపరాధ భావంతో వచ్చిన మనిషికి ఏ ఆజ్ఞ ఇచ్చినా అది ఇంకో నేరమై కూర్చుంటుంది. పైగా ఆ వాక్యాల్ని నేను సగమే ఇచ్చాను. "భయపడకుము" తరువాత ఎక్కువ చోట్ల "నేను నీకు తోడైయున్నాను" అని వస్తుంది. నేను ఆజ్ఞ రాసి మాట ఇచ్చిన భాగం వదిలేశాను. బైబిల్లో "భయపడకుము" సరిగ్గా 365 సార్లు ఉందని, రోజుకొకటని మన ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. కూర్చుని లెక్కపెడితే అన్ని రావు. వచ్చినా కరుణలాంటి వాళ్ళకి అవి 365 మొట్టికాయలే అవుతాయి.

రెండోది: రిహార్సల్

పద్ధతి మార్చాను. శిక్షణల్లో నేర్పే మాటలు, "నేను దీంతో ఏకీభవించడం లేదు", "నా అభిప్రాయం వేరు" లాంటివి ఇద్దరం నటించి చూశాం. నేను సీనియర్ నర్సు, ఆమె కరుణే. మూడో మాటకే ఆమె నవ్వేసింది. "ఇట్లా మాట్లాడితే మా అమ్మ చెంప పగలగొట్టిద్ది ఆంటీ." ఆ నవ్వు నాకూ అంటుకుంది. నిజమే మరి, తెలుగులో ఎవరం అలా మాట్లాడం.

కానీ నవ్వు ఆగాక అసలు అభ్యంతరం చెప్పింది. పేతురు మొదటి పత్రికలో వక్రులైన యజమానులకి కూడా లోబడి ఉండమని ఉంది కదా. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని కొరింథు పత్రికలో ఉంది కదా. ఎదురు మాట్లాడటం గర్వం కాదా?

ఈ ప్రశ్నల్ని పక్కన పెట్టి టెక్నిక్ నేర్పడం కుదరదు. ఆమె గొంతు బిగింపులో భయం ఎంతుందో భక్తి అంతే ఉంది. ఆమె లెక్కలో మౌనం అంటే విధేయత. అదే పేతురు మహాసభ ముందు నిలబడి, మనుష్యులకు కాదు దేవునికే లోబడాలని అన్న సంగతి చూపించాను. ప్రధాన యాజకుని దగ్గర బంట్రోతు చెంపదెబ్బ కొడితే, రెండో చెంప చూపమన్న యేసే "తప్పు మాట్లాడితే ఏం తప్పో చెప్పు, లేకపోతే ఎందుకు కొట్టావు" అని అడిగిన సంగతీ చెప్పాను. విన్నది, తల ఊపింది. వాదనలో నేను గెలిచాను, ఆమెలో ఏమీ కదల్లేదు. వాళ్ళు అపొస్తలులు, ఆయన ప్రభువు. తను పీజీలో మంచం అద్దెకి తీసుకున్న అమ్మాయి.

మూడోది, నా తొందరపాటు

ఇది రాయడం కష్టంగా ఉంది. శుక్రవారం స్త్రీల కూడికలో చిన్న సాక్ష్యం చెప్పమన్నాను. విషయం చెప్పక్కర్లేదు, దేవుడు చేసిన ఏదైనా మేలు, రెండే నిమిషాలు. మన వాళ్ళ మధ్యే కదా, భయమేముంది అనుకున్నాను.

లేచి నిలబడింది. "దేవునికి స్తోత్రం" అంది. అంతే. కళ్ళ నిండా నీళ్ళు. ఆ రోజు వాక్యం చెప్పడానికి వచ్చిన పెద్దాయన ఒకరు చొరవ తీసుకుని, "ఈ బిడ్డని పిరికి ఆత్మ పట్టింది, అందరూ చేతులుంచండి" అన్నారు. ఇరవై మంది చేతులు ఆమె తల మీద. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఇరవై చేతుల కింద ఎవరికీ గొంతు పెగలదు.

మూడు వారాలు రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

సంఘం నాకు ఇల్లులాంటిది కాబట్టి ఆమెకీ అంతేనని అనుకోవడం నా తప్పు. నేను అక్కడ పెద్దదాన్ని, అందరూ నా మాట వింటారు. ఆమె అక్కడ చిన్నది, ఊరు కాని ఊరు నుంచి వచ్చింది, పెళ్ళి కాలేదు. ఆసుపత్రిలో ఉన్న మెట్లే అక్కడా ఉన్నాయి, యూనిఫాం లేదంతే. అప్పుడు తిరిగొచ్చింది నానమ్మ మాట, నోటికాడి కూడు. అది పిరికితనం కాదు. మాట్లాడితే నిజంగానే కూడు పోయిన మనుషులు బతకడానికి పిల్లలకి నేర్పుకున్న విద్య. దాన్ని నేను దయ్యంలా, జబ్బులా చూశాను.

పీజీకి వెళ్ళి క్షమాపణ అడిగాను. "తొందరపడ్డాను, నిన్ను ముందుకి తోశాను" అన్నాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది. తనకంటే పెద్దవాళ్ళు తనకి క్షమాపణ చెప్పడం అదే మొదటిసారట.

ఏది పనిచేసింది

తిరిగి వచ్చాక మనుషులతో మాట్లాడే సంగతి పూర్తిగా పక్కన పెట్టాం. ముందు దేవునితో బయటికి మాట్లాడటం. చిత్రమేమిటంటే ఇన్నేళ్ళ భక్తిలో ఆమె ఎన్నడూ ఒంటరిగా పైకి ప్రార్థన చెయ్యలేదు, అంతా మనసులోనే. చేసినా అన్నీ కృతజ్ఞతలే. 13వ కీర్తన ఇచ్చాను, ఎన్నాళ్ళు నన్ను మరచిపోతావని దేవుణ్ణే నిలదీసేది. 39వ కీర్తన ఇచ్చాను. మౌనంగా ఉంటే దుఃఖం ఎక్కువైందని, లోపల గుండె మండిందని దావీదు చెప్పుకున్నది. రాత్రి పీజీ మేడ మీద, వాటర్ ట్యాంకు పక్కన, పది నిమిషాలు పైకి చదవాలి. తరువాత తన సొంత ఫిర్యాదు ఒకటి చెప్పాలి. దేవుని దగ్గర ఫిర్యాదు చెయ్యలేని మనిషి సీనియర్ సిస్టర్‌ని ఆపగలదని నేను ఇప్పుడు అనుకోవడం లేదు.

మొదటి వారం గుసగుసలాగే చదివింది. మూడో వారం కింద గదిలో ఉన్న మలయాళీ అమ్మాయి పైకొచ్చి "ఎవరితో పోట్లాడుతున్నావ్?" అని అడిగిందట. చెప్పేటప్పుడు కరుణ ముఖంలో మొదటిసారి చిలిపితనం చూశాను.

ఆ తరువాతే సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం తెరిచాం. నేను దాన్ని ప్రార్థన గురించి ఎంచుకున్నాను. షిలోహు మందిరంలో బిడ్డలు లేని హన్నా ప్రార్థన చేస్తోంది, పెదవులు కదులుతున్నాయి, స్వరం వినపడటం లేదు. యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకుని గద్దిస్తాడు. కరుణ పైకి చదువుతూ చదువుతూ ఒక చోట ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. "అది కాదు, నా యేలినవాడా."

"ఆంటీ, ఈమె యాజకుణ్ణి కాదంది."

"అవును."

"తిట్టలేదు. ఊరుకోలేదు కూడా. యేలినవాడా అంటూనే కాదంది."

ఎన్నిసార్లు చదివానో ఆ అధ్యాయం. సంతానం లేని స్త్రీలకి వందసార్లు చదివి వినిపించి ఉంటాను. గుళ్ళో కూర్చున్న పెద్ద యాజకుడు పొరబడితే, పల్లె నుంచి వచ్చిన ఒక స్త్రీ అక్కడికక్కడే సరిదిద్దిందని, ఆయన విని మాట మార్చుకుని ఆశీర్వదించాడని నాకు ఎన్నడూ తట్టలేదు. కరుణకి తట్టింది. ఇది మన మాటే కదా అని కూడా ఆమే అంది. బియ్యం కొట్టు దగ్గర లెక్క తప్పితే, బస్సులో కండక్టరు చిల్లర తప్పిస్తే మన ఇళ్ళలో ఆడవాళ్ళు అనేది అదే: "అది కాదండీ." మర్యాద, కాదనడం రెండూ ఒకే పదంలో. నేను శిక్షణల నుంచి ఎరువు తెచ్చిన మాటలన్నీ ఆమె నోట్లో రాళ్ళలా అడ్డంపడితే, ఈ మాట వాళ్ళమ్మ నోట్లోంచి ముందే ఆమె నోట్లోకి వచ్చి ఉంది. దాన్ని వాడటం పాపం కాదని ఒక వాక్యం చెప్పాలి, అంతే కావలసింది.

అక్కడినుంచి పని తేలికైంది, తేలికంటే మరీ అంత కాదు. వార్డులో తెలుగు నడవదు. పై వాళ్ళతో ఇంగ్లీషు, ఆయాలతో కన్నడ, తోటి నర్సులతో సగం హిందీ సగం మలయాళం. మనిషి ఏ భాషలో ధైర్యంగా ఉంటుందో ఆ భాషలోంచి మొదలుపెట్టి పక్క భాషలోకి తీసుకెళ్ళాలి. "అది కాదు సార్" కన్నడంలో "హాగల్ల సార్" అవుతుంది. దాని ముందు "ఒందు నిమిష" చేర్చాం, ఎదుటివాళ్ళ చెయ్యి ఆగడానికి. తరువాత ఏం చెప్పాలో ఆమెకి ఆసుపత్రి ట్రైనింగ్‌లోనే నేర్పారు, ఎస్‌బార్ అని నాలుగు అక్షరాల పద్ధతి. అది అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రులకి వచ్చిందంటారు. దాన్ని మేం ఇలా మార్చుకున్నాం: ఇప్పుడేం జరుగుతోంది, దాని వెనకేముంది, నాకేం అనిపిస్తోంది, మీరేం చెయ్యాలి. మొత్తం 20 సెకన్లలో అయిపోవాలి. ఫోన్లో టైమర్ పెట్టి ప్రాక్టీస్ చేసింది.

వార్డుకి ముందు చిన్న చిన్న చోట్ల. సిల్క్ బోర్డు దగ్గర ఆటోవాడు మీటరు మీద 30 రూపాయలు అడిగితే హాగల్ల. పీజీ ఓనరు గీజరు బాగుచెయ్యకుండా కరెంటు బిల్లు వేస్తే హాగల్ల. ఓనరు దగ్గర ఓడిపోయింది, బిల్లు కట్టింది. కానీ నోరు తెరిచి ఓడిపోయింది.

జరిగినదాన్ని చెప్పడం

ఐదో నెలలో తనే అంది, పాత సంగతి రాసి ఇస్తానని. ఆసుపత్రుల్లో ఇలాంటివి రాసే ఫారం ఉంటుంది, ఎన్ఏబీహెచ్ అనే ఆసుపత్రి నాణ్యత గుర్తింపు ఉన్న చోట తప్పనిసరి కూడా. ఇక్కడ నేను బ్రేకు వేశాను. ఉత్సాహంలో ఉన్న మనిషిని ముందుకు తోయడం ఎలా ఉంటుందో ఒకసారి చూసి ఉన్నాను. ఏం పోవచ్చో కాగితం మీద రాయమన్నాను. ఉద్యోగం, జీతం, అన్నతో గొడవ, సీనియర్ సిస్టర్ స్నేహం. బైబిల్లో ఎస్తేరు రాణి తన జనం ప్రాణాల కోసం రాజు దగ్గరికి వెళ్ళే ముందు మూడు రోజులు ఉపవాసం ఉంది, లోపలికి వెళ్ళాక కూడా వెంటనే చెప్పెయ్యలేదు, రెండు విందులు చేసింది. నశిస్తే నశిస్తానన్నది ఒక్కటే మనం పాటల్లో పాడతాం. ఆ విందుల ఏర్పాటు ఎవరూ పాడరు.

సీనియర్‌తో ముందు ఒంటరిగా మాట్లాడాలా అన్న ప్రశ్న వచ్చింది. మత్తయి 18వ అధ్యాయం ప్రకారం అదే వరుస అని ఆమె అంది. నాకు ఆ అధ్యాయం వాడేటప్పుడు ఎప్పుడూ జంకు. సంఘాల్లో తప్పుల్ని నాలుగు గోడల మధ్య నొక్కేయడానికి దాన్ని ఎలా వాడతారో చూశాను. పేషెంట్ల ప్రాణం ఇద్దరు అక్కచెల్లెళ్ళ మధ్య తగాదా కాదు. అందుకని స్పష్టంగా అనుకున్నాం: ముందు చెప్పడం మర్యాద కోసమే, ఆమె ఒప్పుకోకపోయినా ఫారం ఆగదు.

టీ టైములో చెప్పింది. సీనియర్ చాలాసేపు మాట్లాడలేదట. చివరికి "రాసుకో, నా పేరు మాత్రం వద్దు" అంది. ఫారంలో ఏం జరిగిందనే అడుగుతారు కాబట్టి ఇబ్బంది రాలేదు. ఏ సీసా, ఏ సిరంజి, ఎన్ని యూనిట్లు అన్నీ రాసి, చివర ఒక వాక్యం చేర్చింది: నేను చూశాను, చెప్పలేదు. కింద తన పేరు.

తీపి ముగింపు రాలేదు. నర్సింగ్ సూపరింటెండెంట్ పిలిచి, ఇన్ని నెలలు ఎందుకు దాచావని సంజాయిషీ రాయించుకున్నారు. సీనియర్ రెండు నెలలు పలకరించలేదు. అన్న ఫోన్లో అరిచాడు, "నీకెందుకే ఇవన్నీ" అని. ఆ వారం ఆమె కంటే నేనే ఎక్కువ టెన్షన్ పడ్డాను. ఉద్యోగం పోతే ఇంటి అప్పు నేను కడతానా? ధైర్యం చెప్పేవాళ్ళకి ధర కట్టే పని ఉండదు, ఆ సంగతి మేం తరచూ మరచిపోతాం.

నెల తిరిగేసరికి ఆ వార్డులో 40 బలం సీసాలు ఆపేసి అంతా 100కి మార్చారు. ఇన్సులిన్ ఎవరు లాగినా రెండో నర్సు విడిగా చూసి సంతకం పెట్టాలన్నారు. కరుణ ఫారం వల్లేనని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆ తరువాత ఒక సాయంత్రం. కొత్తగా చేరిన అమ్మాయి సొరుగులో మిగిలిపోయిన పాత ఎర్ర మూత సిరంజిల డబ్బా తీసి, మూత ఊడదీసింది. కరుణ అవతలి మంచం దగ్గర బీపీ చూస్తోంది. "అది కాదు సిస్టర్" అంది, తెలుగులో, వార్డంతా వినపడేటట్టు. ఆ పిల్లకి తెలుగు రాదు. చెయ్యి మాత్రం ఆగింది.

ఇప్పటికీ సంగతి

అన్న దగ్గర జీతం లెక్క ఇంకా అడగలేదు. "అక్కడ అది కాదు అనాలంటే ముందు ఎంతో తెలియాలిగా ఆంటీ" అంటుంది. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురూ మోషే ముందు నిలబడి తండ్రి ఆస్తిలో వాటా అడిగిన అధ్యాయం చదువుకున్నాం, సంఖ్యాకాండం 27. ఆమె బుక్‌మార్క్ అక్కడే ఉంది. నేను కదపడం లేదు. స్త్రీల కూడికలో మైకు ఇప్పటికీ పట్టుకోదు, అడగొద్దని నిర్వాహకులకి నేనే చెప్పాను. చేతులుంచి ప్రార్థన చేసే ముందు ఆ మనిషిని అడిగి చెయ్యాలని కూడా మా కూడికలో ఒక మాట అనుకున్నాం. ఆ పెద్దాయనకి అది అంతగా నచ్చలేదు. ఆయనకి చెప్పడానికి నాకు నాలుగు వారాలు పట్టింది. ఫోన్ చేతిలోకి తీసుకోవడం, పెట్టెయ్యడం. కరుణ గొంతు బిగింపు ఎలాంటిదో ఆ నాలుగు వారాల్లో కొంచెం తెలిసింది.

నా పని తీరులో ఒకటి మారింది. ధైర్యం కోసం వచ్చినవాళ్ళని ఇప్పుడు ముందు అడుగుతున్నాను: మీ ఇంట్లో పెద్దవాళ్ళని కాదనాల్సి వస్తే ఏ మాట వాడతారు? ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. రాయలసీమ ఆవిడ ఒకరు "అట్ల గాదులేప్పా" అన్నారు. ఆ మాట దొరికాకే వాక్యం తెరుస్తున్నాను.

ఈ రాత మొదటి ప్రతి కరుణకి పంపాను. డ్యూటీ దిగాక చదివి ఫోన్ చేసింది. ఆమెకి ఇబ్బంది కలిగించే వివరం ఏదైనా మిగిలిందేమోనని అడిగాను. అవన్నీ బాగానే ఉన్నాయంది. ఒక్క నిమిషం ఆగి, "ఎర్ర మూత 100ది అని రాశారు. అది కాదు ఆంటీ, ఎర్రది 40. నారింజది 100" అంది.

సరిదిద్దాను.